గాలి పదునెరిగిన విల్లిస్ క్యారియరు

వైశాఖమాసమున పాకాల రైలుకూడలిలో మధ్యాహ్నపు బండికై వేచియుండువారికి చలువ విలువ ఎవ్వరును బోధింప నక్కరలేదు. కాట్పాడి, తిరుపతి, ధర్మవరము దిక్కులనుండి వచ్చి కలిసికొను ఇనుపదారులు ఎండకు మండుచుండును. వడగాలికి పెదవులెండును. అట్టి వేళను సయితము ఏ మూలనో నీడలో, తడియిసుక మీద నుంచిన మట్టికూజాలోని నీరు గొంతునకు హాయిగా నుండును. కూజా చెమర్చుటచేత నీరు చల్లబడునని పాఠశాల బాలురు చదువుకొన్నదే. కాని ఆ కూజానే చెన్నపట్టణపు సముద్రతీరమునకు కొనిపోయినచో నీరు అంతగా చల్లబడదు. ఎండ పాకాలకంటె తక్కువయైనను అచ్చటి మనుష్యునకు చెమట యారదు, ఉక్క విడువదు. భేదము ఎండలో లేదు. గాలిలోని తేమలో నున్నది.

రాయలసీమ రైతు అరక కట్టుటకు మునుపు గుప్పెడు మన్ను పిడికిట నొత్తి నేల పదును చూచుకొనును. గాలికిని అట్టి పదునొకటి కలదనియు, దానిని లెక్కకు తెచ్చి మనకు వలసినంత యుంచుకొని తక్కినది తీసివేయవచ్చుననియు లోకమునకు చేసి చూపినవాడు విల్లిస్ హేవిలండ్ క్యారియరు. తెలుగునాట క్యారియరన్నంతనే అన్నపు గిన్నెల దొంతర స్ఫురించును గాని, ఇది అమెరికాలోని ఒక రైతుకుటుంబపు ఇంటిపేరు.

ఆయన 1876 నవంబరు 26వ తేదీన, న్యూయార్కు రాష్ట్రమున ఈరీ సరస్సు చేరువనున్న ఆంగోలా గ్రామమున జన్మించెను. తల్లిదండ్రులకు ఒక్కడే బిడ్డ. ఈడుజోడు పిల్లలు లేని ఆ పల్లెయింట పిల్లవాడు తన యాటలు తానే కల్పించుకొనుచు పెరిగెను. తల్లి ఎలిజబెత్తు చేతిపని తెలిసిన యిల్లాలు. చెడిన గడియారమును, కుట్టుమిషనును విప్పి బాగుచేయగలిగినది.

తొమ్మిదేండ్ల ప్రాయమున విల్లిస్‌నకు భిన్నములు తలకెక్కలేదు. అరయు, పావును, అరకాలును పలకమీద వట్టి అంకెలుగా కనబడెనే గాని, వాని అర్థము తోచలేదు. తల్లి కోపపడలేదు, కంఠపాఠము చేయుమనలేదు. నేలమాళిగకు పోయి ఒక పళ్లెము నిండ ఆపిలుపండ్లు తెమ్మన్నది. పండ్లను రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా కోయించి, ఆ ముక్కలనే కూడించి తీసివేయించినది. పాకాల ప్రాంతపు ఉపాధ్యాయుడైనచో ఆపిలునకు వెదుకనక్కరలేదు. దామలచెరువు మామిడి చాలును. లెక్కయన్నది చేతికందు వస్తువును గూర్చినదని ఆనాడు బాలునకు తెలిసినది. ఎంత చిక్కుసమస్యనైనను ముక్కలుగా కోసి చూడవలెనని తాను నేర్చినది ఆ ఆపిలుపండ్ల పళ్లెమువద్దనేయని ఆయన పెద్దయైన పిమ్మట తలచుకొనుచుండువాడు. ఆ పాఠము చెప్పిన తల్లి మరి రెండేండ్లకే కన్నుమూసెను. కుమారునకప్పుడు పదునొకండేండ్లు.

1893లో అమెరికాలో వర్తకములు దివాలా తీసి, పొలముల ఆదాయము పడిపోయెను. ఉన్నతవిద్యకు ఇంట సొమ్ములేదు. ఆ యువకుడు కొంతకాలము పల్లెబడిలో పంతులుగా పనిచేసెను. పిమ్మట విద్యార్థి వేతనము గెలుచుకొని 1897లో కార్నెల్ విశ్వవిద్యాలయమున చేరెను. వేతనము ఫీజునకు సరిపోయిన, కూటికి చాలవలదా? ఇతరుల ఇండ్లలో పచ్చికకోయుట, చలికాలమున కొలుములకు బొగ్గు వేయుట, భోజనశాలలో వడ్డించుట—ఇట్టి పనులతో చదువు సాగించెను. ఇండ్లను వెచ్చగా నుంచు కొలుముల నాయన శాస్త్రగ్రంథములలోకంటె ముందు బొగ్గుమసి చేతులతోనే పరిచయము చేసికొనెను.

1901లో పట్టము పొంది, బఫెలో నగరమున బఫెలో ఫోర్జి అను కర్మాగారమున వారమునకు 10 డాలర్ల జీతముపై కుదిరెను. అది పెద్దపెద్ద విసనకర్ర యంత్రములను, ఆవిరిగొట్టముల మీదుగా గాలినూది భవనములను వేడిచేయు సామగ్రిని, కలపను కాఫీగింజలను ఆరబెట్టు యంత్రములను చేయుచుండెను. ఒక భవనమును వెచ్చచేయుటకు ఎంత గొట్టము వలయునని అడిగినచో ఆకాలపు ఇంజనీర్లవద్ద సరియైన లెక్కలేదు. అందాజుగా ఒక అంకె చెప్పి, చాలకపోవునేమోయను భయముచేత దానిపై మరికొంత చేర్చెడివారు. అదనపు ఇనుము, అదనపు బొగ్గు కొనువాని నెత్తిన పడుచుండెను. క్యారియరునకు ఈ అందాజు నచ్చలేదు. గాలివేగమును మార్చిమార్చి గొట్టములెంత వేడినిచ్చునో పరీక్షించి పట్టికలు వ్రాసెను. ఒక్క చలికాలమున ఆ పట్టికలవలన కంపెనీకి 40,000 డాలర్లు మిగిలెను. యజమానులు సంతసించి ఆయనకొక ప్రయోగశాల నేర్పరచిరి.

ఆ పాత అందాజు నేటికిని చావలేదు. మన పట్టణములలో గదికి ఏసీ యంత్రము కొనువారు పెద్దదైన మంచిదనుకొందురు. గదికి మించిన సాధారణ యంత్రము గాలిని త్వరగా చల్లబరచి ఆగిపోవును. తేమను లాగివేయుటకు దానికి వ్యవధి చాలదు. గది చల్లగా, జిగటగా నుండును. కరెంటుఖర్చు మాత్రము తగ్గదు.

1902 వేసవిలో క్యారియరు జీవితమును మలుపుత్రిప్పిన సమస్య బ్రూక్లిన్ నగరపు అచ్చాఫీసునుండి వచ్చెను. సాకెట్-విల్హెల్మ్సు అను ఆ ముద్రణాలయమున రంగుల బొమ్మలు వేయుచుండిరి. ఒక్కొక్క రంగునకు కాగితమును ఒక్కొక్కమారు యంత్రమున నడపవలెను. సముద్రపుగాలిలో తేమ హెచ్చిననాడు కాగితము సాగును, తగ్గిననాడు ముడుచుకొనును. నిన్న వేసిన పసుపుపై నేడు వేసిన ఎరుపు కుదురదు. పెదవికి పడవలసిన రంగు చెంపకు పడును. కాగితము, సిరా, కూలి వ్యర్థమగుచుండెను. బఫెలో ఫోర్జి కంపెనీ న్యూయార్కు శాఖలోని ఇర్విన్ లైల్ అను మిత్రుడు ఈ చిక్కును క్యారియరు ముందుంచెను. అప్పటికాయన ఉద్యోగమున చేరి ఒక్క సంవత్సరమే.

ముందుగా, తేమను పీల్చు కాల్షియము క్లోరైడు ద్రావణములో గోనెగుడ్డలను తడిపి వానిగుండ గాలిని పంపిచూచెను. తేమ తగ్గెను గాని, ఉప్పుతుంపర వెంటబడి వచ్చెను; అది యంత్రములకు చేటు. ఆ మార్గము విడిచి, ఆవిరికి బదులు చల్లనినీరు గొట్టములలో పారించెను. వేసవిలో చల్లని నీటిలోటా వెలుపల బొట్టులు కట్టుటను చూడనివారు లేరు. ఆ బొట్టులు లోటాలోనుండి వచ్చినవి కావు. గాలిలోని తేమయే చల్లని లోహమును తాకి నీరైనది. అట్లే చల్లని గొట్టములపై గాలి తన తేమను విడిచిపోవును. ఒక వరుస గొట్టములకు బావినీరు, మరియొక వరుసకు అమ్మోనియా యంత్రపు చలువ అమర్చిరి. రెండును కలిసి ఇచ్చు చలువ, రోజునకు 1,08,000 పౌనుల మంచుగడ్డ కరగినప్పటి చలువకు సమానము. గదిలోని తేమ యేడాది పొడుగున 55 శాతమున నిలుపవలెనని లక్ష్యము. 1902 జూలై 17వ తేదీ వేసిన ఆ చిత్తుపటములను నేటి ఏసీ యంత్రములకు జన్మపత్రికగా చెప్పుదురు. అది పుట్టినది మనుష్యుని సుఖమునకు కాదు, కాగితపు సుఖమునకు!

పని జరిగినను క్యారియరు మనసు తృప్తిపడలేదు. తేమ తగ్గుచున్నది గాని, అనుకొన్న అంకెవద్ద ఖచ్చితముగా నిలుచుట లేదు. ఆ సంవత్సరమే శరత్కాలపు చివర ఒక రాత్రి ఆయన పిట్స్‌బర్గు స్టేషనులో రైలుకై నిరీక్షించుచుండెను. మంచు దట్టముగా క్రమ్మియుండెను. దీపములు మసకబారెను. ప్లాటుఫారముపై అటునిటు తిరుగుచు ఆయన ఆ మంచును గూర్చియే తలపోయసాగెను. ఈ గాలి తేమతో నిండిపోయినది. ఇంక ఒక్క చుక్కయు పట్టదు. అయినను ఇంత చలిలో గాలి పట్టగల నీరే బహుస్వల్పము. కనుక తడిగా కనబడు ఈ గాలి నిజమునకు పొడిగాలి! దీనినిట్లే తీసికొని వేడిచేసినచో ఎంతయో ఆరినట్లుండును. తనకు కావలసిన ఉష్ణోగ్రతకు చల్లార్చిన నీటితుంపరలోనుండి గాలిని పోనిచ్చినచో, అది సరిగ ఆ ఉష్ణోగ్రతకు తగిన తేమతోనే వెలువడును. తుంపరనీటి చల్లదనమును మార్చుట చేతనే గాలి పదునును మార్చవచ్చును. రైలువచ్చులోపల సమస్య విడిపోయెను.

నీటితో గాలిని ఆరబెట్టుదునన్నవానిని చూచి ఎందరు నవ్వియుందురో! అయినను లెక్క తప్పలేదు. తుంపర గాలిలోని దుమ్మును గూడ కడిగివేసెను. 1906 జనవరి 2వ తేదీన ఆయన సాధనమునకు పేటెంటు లభించెను. ఎయిర్ కండిషనింగు అను పేరు మాత్రము ఆయన పెట్టినది కాదు. స్టూవర్టు క్రేమరు అను బట్టలమిల్లుల ఇంజనీరు ఆ సంవత్సరముననే వాడినది. నూలుపోగు పొడిగాలిలో తెగును, తగిన తేమలో నిలుచును గనుక మిల్లువారే ఈ విద్యను ముందుగా ఆదరించిరి. 1907లో జపానులోని యొకొహామా పట్టుమిల్లునకు సయితము క్యారియరు సాధనము పోయెను.

1911లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము నెదుట ఆయన గాలి, వేడి, తేమల సంబంధమును తెలుపు సూత్రములను చదివెను. ఆ సూత్రములపై గీసిన పటము నేటికిని ఈ శాస్త్రము చదువు ప్రతి విద్యార్థి చేతనుండును. దాని మూలమును ఏ పాఠశాలలోనైనను రెండు ఉష్ణమాపకములతో పరీక్షింపవచ్చును. ఒకదాని కొనకు తడిగుడ్డ చుట్టి, రెంటిని గాలికి పెట్టవలెను. తడిగుడ్డది తక్కువ డిగ్రీలు చూపును. రెంటి అంతరము ఎంత హెచ్చో గాలి అంత పొడి. పాకాలలో ఏప్రిలు మధ్యాహ్నమున ఈ అంతరము హెచ్చుగా నుండును. ఈశాన్య ఋతుపవనపు ముసురులో దాదాపు మాసిపోవును.

మన పెద్దలు కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లించుటలోని మర్మమును, నేటి ఎయిర్‌కూలరు మర్మమును ఇదియే. పొడివేసవిలో అది స్వల్పఖర్చుతో గొప్ప చలువనిచ్చును. ముసురుదినములలో గదిని మరింత ఉక్కపోయించును. కూలరు నడుచునప్పుడు తడిగాలి వెలుపలికి పోవుటకు కిటికీ తెరచి యుంచవలెను. ఏసీ నడుచునప్పుడు ఆ కిటికీనే మూసివేయవలెను. లేనిచో వెలుపలి తేమను ఆరబెట్టుటకే దాని బలమంతయు చెల్లిపోవును. రెండు యంత్రములను ఒకే తీరున వాడి, రెండును పనికిరానివని నిందించు గృహస్థులు కొల్లలు.

ఆ సూత్రములు వెలువడిన మరుసటి సంవత్సరమే, 1912లో, క్యారియరు భార్య ఎడిత్ మరణించెను. ఆమె కార్నెల్‌లో ఆయనతోపాటు చదువుకొన్నది. పిమ్మట ఆయన మరల వివాహమాడి, ఇద్దరు బాలురను పెంచుకొనెను. ఐరోపాలో యుద్ధము మొదలుకాగానే బఫెలో ఫోర్జి యజమానులు వెనుకకు తగ్గి, ఈ కొత్తవిద్య నడుపు శాఖను మూసివేయ నిశ్చయించిరి. పండ్రెండేండ్లు శ్రమించి పెంచిన చెట్టు వేరుతో సహా పోవుననిపించెను. అప్పుడు క్యారియరు, లైలు, మరి ఐదుగురు యువ ఇంజనీర్లు తాము దాచుకొన్న సొమ్ము 32,600 డాలర్లు ఒకచోట పెట్టి 1915లో స్వంత కంపెనీ స్థాపించిరి. ఎదుట యుద్ధము, చేత ఒక కర్మాగారమైనను లేదు, ఉన్నది లెక్కలు, ఒకరిపై ఒకరికి నమ్మకము.

అప్పటికి ఏసీ గృహములలో అడుగుపెట్టలేదనియే చెప్పవలెను. 1914లో మినియాపొలిస్ నగరమున చార్లెసు గేట్సు అను ధనవంతుని భవనమున ఒక యంత్రమమర్చిరి. దాని పొడవు ఇరువది అడుగులు. దానిని కోరిన యజమాని 1913లోనే మరణించెను. ఇంటికై పెట్టిన తొలి శీతలయంత్రపు గాలిని అనుభవింప ఇంటివాడే లేకపోయెను.

ఇండ్లకు, జనము గుమిగూడు చోట్లకు ఈ విద్య రాకపోవుటకు ధర యొక్కటే కారణము కాదు. ఆకాలపు యంత్రములలో ప్రవహించు అమ్మోనియా విషము. గొట్టము పగిలిన ప్రాణములకే ముప్పు. 1922లో క్యారియరు కొత్తతీరు యంత్రమును లోకమునకు చూపెను. ముషలమువలె దంచుటకు బదులు అది చక్రమువలె తిరుగును, చిన్నది, అందు వాడిన డైలీన్ అను ద్రవము అమ్మోనియాకంటె సాధువు. 1924లో డిట్రాయిటు నగరపు హడ్సను దుకాణమున దానిని పెట్టిరి. చవుకసరకులు అమ్ము దినములలో ఆ దుకాణపు నేలమాళిగలో జనము ఉక్కకు సొమ్మసిల్లి పడుచుండిరట.

మరుసటి సంవత్సరము న్యూయార్కులో రివోలీ సినిమాశాలకు పని ఒప్పుకొనిరి. డైలీన్ పేరు నగర నిబంధనలలో లేనందున భద్రతాధికారి అనుమతింపలేదు. క్యారియరు ఆయన బల్లమీద ఒక పాత్రలో ఆ ద్రవము పోసి, అగ్గిపుల్ల వెలిగించి అందు పడవేసెను. అధికారికి గుండె ఆగినంత పని అయ్యెను. ద్రవము భగ్గుమనలేదు, దీపమువలె మెల్లగా కాలెను. వాదములతో తెగనిది ఒక్క అగ్గిపుల్లతో తెగెను. ఇంత సాహసము ఉపాధ్యాయులు తరగతిలో అనుకరింపకుందురుగాక!

1925 మే నెల చివర రివోలీలో తొలి చల్లని ప్రదర్శన. యంత్రమును ఆలస్యముగా నడిపింపవలసివచ్చెను. రెండువేలమంది చేతులలో విసనకర్రలాడుచుండెను. కొందరు అలవాటుచేత, కొందరు ఉక్కచేత. చిత్రములు నిర్మించు పారమౌంటు సంస్థ అధిపతి అడాల్ఫు జుకరు మేడమీద కూర్చుండి తెరను గాక జనమును చూచుచుండెను. క్యారియరు, ఆయన సహచరులు వెనుక నిలుచుండి అదే చూచుచుండిరి. నెమ్మదిగా ఒక విసనకర్ర ఒడిలోనికి జారెను, మరియొకటి, పిదప వరుసకు వరుస. ఆట ముగియగానే జుకరు తన యంగీకారము తెలిపెను. అప్పటినుండి వేసవిలో మూతపడు సినిమాశాలలు వేసవిలోనే క్రిక్కిరియసాగెను. 1928, 1929 సంవత్సరములలో అమెరికా శాసనసభల రెండు మందిరములును చల్లబడెను.

1928లోనే ఆయన కంపెనీ గృహముల కొరకు చిన్నయంత్రమొకటి విడుదల చేసెను. కాని మరుసటి సంవత్సరము ఆర్థికమాంద్యము విరుచుకపడెను. అద్దె చెల్లింపలేని కాలమున చల్లనిగాలి ఎవరికి వలయును? కంపెనీ నష్టములలో కూరుకొనిపోయి, ఇతర సంస్థలతో కలిసి బ్రదికెను. 1937లో సిరక్యూస్ నగరమునకు తరలెను. 1939 న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనశాలలో మంచుగుడిసె ఆకారమున ఒక మందిరము కట్టి జనమునకు ఈ విద్యను చూపిరి. లోనికి వచ్చినవారు చలువ ననుభవించి వెలుపలి యెండలోనికి మరలిపోయిరి. ఆ యేడే ఆయన రెండవ భార్యయు గతించెను.

క్యారియరు పరధ్యానమును గూర్చి సహచరులు కథలు చెప్పుకొనెడివారు. ప్రయాణమునకు పెద్దపెట్టె సర్దుకొని పోయి, గమ్యమున తెరచిచూడగా అందొక చేతిరుమాలు తప్ప ఏమియు లేదట. లెక్కలయందు మాత్రము ఆయనకు పరధ్యానము లేదు.

ఆయన వంశమునకు చెందిన యంత్రము నేడు మన ఇండ్ల గోడలకు వ్రేలాడుచున్నది. దానిని పోషించు పద్ధతియు ఆయన లెక్కలనుండియే వచ్చును. ఎయిర్ కండిషనింగు అనగా చల్లదన మొక్కటే కాదు. వేడి, తేమ, గాలిచలనము, నైర్మల్యము—నాలుగింటిని అదుపులో నుంచుట. లోపలి జల్లెడకు దుమ్ముపట్టిన గాలి చాలినంత ఆడదు. ఆడకున్న చల్లనిగొట్టములపై తేమ మంచై గడ్డకట్టును. యంత్రము రోజుచునే యుండును, గది చల్లబడదు. కనుక వేసవిలో రెండువారముల కొకమారు జల్లెడ కడిగి ఆరబెట్టుట గృహస్థుని చేతిపని. లోపలి వేడిని వెలుపల పారవేయు పెట్టె చుట్టు ఖాళీ యుండవలెను. అటక సామానుతో దాని ఊపిరి బిగింపరాదు. గొట్టమున కారునీరు యంత్రదోషము కాదు, గాలినుండి పిండిన తేమ. అది నిలువక పోవుటకు దారి యుండవలెను. గాలి నెమ్మదిగా కదలిన చెమట యారును గనుక, పైకప్పు పంకా తోడున్నచో ఒకటి రెండు డిగ్రీలు హెచ్చుగా నుంచుకొన్నను దేహమునకు లోటు తెలియదు. 2020 నుండి భారతదేశమున గది ఏసీలు 24 డిగ్రీలవద్ద మొదలగునట్లు చేయవలెనను నియమము కలదు. ఒక్క డిగ్రీ పెంచిన సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని ఇంధన సామర్థ్యమును చూచు ప్రభుత్వసంస్థ లెక్క. పగలు తలుపులు మూసి, రాత్రి తెరచు పాతమిద్దెల వాడుకయు ఈ లెక్కలోనిదే. మందపు మట్టిగోడ పగటియెండను లోనికి చప్పున రానీయదు.

ఈ విద్యకు చీకటిమొగము లేకపోలేదు. క్యారియరు జీవించియుండగనే అమ్మోనియాకు బదులు వచ్చిన క్లోరోఫ్లోరోకార్బనులు నిరపాయములని లోకము సంతసించెను. 1974లో అవి ఆకాశమునందలి ఓజోను పొరను తినివేయునని శాస్త్రజ్ఞులు తెలిపిరి. 1987లో మాంట్రియలు ఒప్పందముచేత దేశములు వానిని మానివేయ నిశ్చయించినవి. వానికి బదులుగా వచ్చినవి భూమిని వేడెక్కించునని తెలిసి, 2016లో కిగాలీ నగరమున వానిని తగ్గించు ఒడంబడిక చేసికొన్నవి. గదినుండి తీసిన వేడి ఎక్కడికో మాయమగుట లేదు, వీధిలోనికి పోవుచున్నది. ఏసీ లేని పొరుగింటివాని కిటికీ తరచు అచ్చటనే యుండును. జాబితాలలో నమోదుకాని ఖర్చు ఇది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, ఆకాశపుటెత్తుల గడ్డకట్టు చలిలో విమానములు ఎట్లు నడుచునో నేలమీదనే పరీక్షించుటకు క్లీవ్‌లాండు నగరమున గాలిసొరంగమొకటి కట్టిరి. దాని చలువయేర్పాటు క్యారియరు లెక్కలపై నడచెను. తాను చేసిన పనులలో దానికాయన పెద్దపీట వేసెను. హృద్రోగము పైబడగా కంపెనీ పనులనుండి క్రమముగా తప్పుకొనెను.

యుద్ధానంతరము కిటికీలో ఇముడు చిన్న ఏసీలు అమెరికా ఇండ్లలోనికి రాసాగెను. మధ్యతరగతివారు వానిని వేలకువేలుగా కొనుట అప్పుడప్పుడే మొదలగుచుండ, 1950 అక్టోబరు 7వ తేదీన న్యూయార్కులో క్యారియరు మరణించెను. వారమునకు 10 డాలర్ల జీతముపై మొదటి పట్టికలు వ్రాసిన బఫెలో నగరమునకే ఆయన దేహమును కొనిపోయి, అచ్చటి ఫారెస్టులాను శ్మశానవాటికలో ఖననము చేసిరి.